బయటివైపు గడియ

బావమరిది వచ్చి గంట దాటింది. ఇచ్చిన టీ మీద మీగడ కట్టి, ఆ మీగడ కూడా ముడతలు పడింది. అతను గ్లాసు ముట్టుకోలేదు.

తాళాలాయన కిటికీ పక్కన పీటేసుకుని, ఎవరూ అడగని తాళంచెవిని ఆకురాయితో రుద్దుతున్నాడు. వంటింట్లో ఆయన భార్య కడిగిన గిన్నెలే మళ్ళీ కడుగుతోంది. అనుకోవలసిన మాటలన్నీ పొద్దున ఫోనులోనే అయిపోయాయి. ఇక మిగిలింది మొహమొహాలు చూసుకోవడం. అదే కష్టం.

ఫోను చేసింది భార్య. మొగుడు మూడు రోజులు కడుపులో దాచుకుని నిన్న బయటపెట్టిన సంగతిని, తెల్లారగానే తమ్ముడి చెవిన వేసింది. వాడి మీదికి మాట రాకూడదని ఆవిడ ఆత్రం. తల్లి పోయేనాటికి వాడికి నాలుగేళ్ళు, ఆవిడకి పధ్నాలుగు. అప్పట్నించీ వాడికి జ్వరమొస్తే ఈవిడ ఒళ్ళు కాలుతుంది. ముప్ఫై ఆరేళ్ళు మీద పడ్డా, సొంత వ్యాను తోలుతున్నా, ఆ ఇంట్లో వాడు చిన్నోడే.

చెప్పేముందు నన్నొక్క మాట అడగాల్సింది కదా అని తాళాలాయన పొద్దున్నుంచి నాలుగుసార్లు అన్నాడు. నాలుగుసార్లూ ఆవిడది ఒకటే జవాబు. ఆ ఇంట్లో పని ఇప్పించింది వాడు, వాడు ఇప్పించిన పని గురించి వాడికే ముందు చెప్పకపోతే ఎలా?

నిజమే. పని చూపించినవాడికి ముందు చెప్పడం మర్యాద. మర్యాదలకేం, అవి ఎన్ని కొంపలైనా ముంచుతాయి.

"ఆ ఆకురాయి ఆపండి" అంది ఆవిడ వంటింట్లోంచి. "అరిగేది తాళంచెవి కాదు, నా పళ్ళు."

ఆయన ఆపాడు. ఆపాక ఇల్లు మరీ నిశ్శబ్దమైపోయింది. మళ్ళీ మొదలుపెట్టలేక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కూర్చున్నాడు.

పని మామూలు పనే. నెల కిందట, బట్టల గోదాముల వెనక సందులో మేడమీద ఆరు గదులకి ఆరు అడ్డగడియలు. సామాను గదులు, గడియలు బయటివైపు పెట్టు అంది ఆ మేడ ఇంటావిడ. సామాను గదికి గడియ బయటే ఉంటుంది, అందులో అడగడానికేముంది? గదులు ఖాళీగానే ఉన్నాయి. స్క్రూల తలలు రేకులోకి దిగిపోయేలా బిగించి, వేలితో తడిమి చూసుకుని, తనలో తనే మురిసిపోయి వచ్చాడు. మెచ్చుకునేవాళ్ళు లేని పనిలో మనిషి తనని తనే మెచ్చుకోవాలి మరి.

కొత్త చెక్క తలుపు నెల తిరక్కుండా ఒళ్ళు విరుచుకుంటుంది. గడియ కన్నంలో పడదు. అందుకని నెలలోపు ఒకసారి తనంతట తనే వెళ్ళి సరిచేసి రావడం తాళాలాయన పద్ధతి. ఇరవై ఏడేళ్ళుగా ఎవరూ పిలవకుండానే వెళ్తున్నాడు. మంగళవారం అలాగే వెళ్ళాడు.

మూడో గది గడియ పట్టేసింది. దాని నాలిక అద్దంలా మెరుస్తోంది. సామాను గది గడియ వారానికోసారి కదిలితే ఎక్కువ. ఇది రోజుకి పదిసార్లు వేసి తీసిన మెరుపు. అది ఆయన కంటికి ఆనింది, బుర్రకి ఎక్కలేదు. ఉలి తీసి ద్వారబంధం కన్నం కాస్త తొలిచాడు. నూనె చుక్క వేశాడు. అప్పుడు తలుపు అవతలనుంచి ఎవరో పలికారు.

"అన్నా, ఇలాంటిదొకటి లోపలివైపు కూడా పెడతావా?"

చిన్న గొంతు. ఏడుపు లేదు. కొట్లో వస్తువు అడిగినట్టు అడిగింది.

"ఇంటావిణ్ణి అడగాలమ్మా" అన్నాడు తాళాలాయన. అని, స్క్రూలు మరో చుట్టు బిగించి, గడియ ఒక్క వేలితో జారేలా ఉందో లేదో నాలుగుసార్లు వేసి తీసి చూసుకుని, గడియ వేసేసి మెట్లు దిగి వచ్చేశాడు.

సందు మలుపు తిరిగాక కాళ్ళు ఆగిపోయాయి. పారిపోదామనుకునే పిల్ల గడియ తీయమంటుంది. ఈ పిల్ల గడియ పెట్టమంది. లోపలికి ఎవరూ రాకుండా ఉండటానికి.

బుర్ర లేనివాళ్ళు చేసే తప్పులు కొన్నుంటాయి. పని బాగా వచ్చినవాళ్ళు చేసే తప్పులు వేరు. బిగుసుకున్న గడియని బాగుచేసి మరీ వచ్చాడు.

గుమ్మంలో చెప్పుల చప్పుడైంది. కూతురు వచ్చింది. బస్‌స్టాండులో టికెట్లిచ్చే ఉద్యోగం, మధ్యాహ్నం భోజనానికి ఇల్లు దగ్గరే. రాగానే మేనమామ మొహమూ చూసింది, టీ మొహమూ చూసింది.

"ఏం మావయ్యా, టీ చచ్చిపోయిందా? సంతాపంలో కూర్చున్నారు ముగ్గురూ?"

ఎవరూ నవ్వలేదు. తల్లివైపు చూసింది. తల్లి కొంగుతో చేతులు తుడుచుకుంటూ మొహం తిప్పుకుంది. అంతే, పిల్లకి అర్థమైపోయింది.

"చెప్పేశావా అమ్మా?"

"మరి వాడు పరాయివాడా?"

కూతురు కాళ్ళు కడుక్కోడానికి పెరట్లోకి పోయింది. కుళాయి చాలాసేపు పారింది.

పొద్దున కూతురు టికెట్ల గదిలోంచే సహాయకేంద్రానికి ఫోను చేసింది. ఆ నంబరు బస్‌స్టాండులో ఆడవాళ్ళ మరుగుదొడ్డి తలుపుకి లోపలివైపు అంటించి ఉంటుంది. ఒక ఆడపిల్లని వెంటబెట్టుకుని తిరిగేవాళ్ళు ఆమెని ఒంటరిగా వదిలే చోటు అదొక్కటే అని, తెలివైనవాళ్ళెవరో అక్కడ అంటించారు. మూడేళ్ళుగా రోజూ దాన్ని చూస్తూనే ఉంది, తను చేయాల్సి వస్తుందని ఎన్నడూ అనుకోలేదు.

అవతల మాట్లాడినావిడ తొందరపెట్టలేదు, ఆశ్చర్యపోలేదు. అన్నీ విని మూడు మాటలు చెప్పింది. మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళొద్దు, తలుపులు తీయించాలని చూడొద్దు. ఎవరికీ చెప్పొద్దు. మీ నాన్నగారు చూసింది చూసినట్టు, విన్నది విన్నట్టు రాసి, ఏ తలుపు ఎటు తెరుచుకుంటుందో బొమ్మ గీసి ఉంచండి, మూడింటికి నేనే చేస్తాను.

ఎవరికీ చెప్పొద్దన్న రెండో మాట అప్పటికే తప్పిపోయిందని ఈ ఇంట్లో ఇప్పుడు తెలిసింది.

పిల్ల తిరిగొచ్చి, తండ్రి ముందు పాత క్యాలెండరు కాగితం వెనకవైపు తిప్పి పెట్టింది. పెన్సిలు పెట్టింది. తాళాలాయన గీయడం మొదలుపెట్టాడు. చదువు ఐదో తరగతితో ఆగిపోయినా గీత గీస్తే సూత్రం పట్టినట్టుంటుంది. మెట్లు, వరండా, ఆరు తలుపులు, ఏది కుడికి తెరుచుకుంటుంది, ఏ గడియ ఎంత ఎత్తులో ఉంది. వెనక మెట్ల తలుపు పాత బందుల మీద వేలాడుతోందని పక్కన రాశాడు.

చిన్నోడు అప్పటిదాకా నేల చూస్తున్నవాడు, ఆ కాగితం చూడటం మొదలుపెట్టాడు.

తర్వాత నెమ్మదిగా అందుకున్నాడు. తను వచ్చింది గొడవకి కాదన్నాడు. ఆ పిల్లల్ని ఎవరూ ఎత్తుకురాలేదు, వాళ్ళవాళ్ళే పంపారు, కుట్టుపని నేర్పి కొట్లలో పెడతారు అన్నాడు. అందరూ ఇంటావిణ్ణి పిన్నీ పిన్నీ అంటారు, ఆవిడా బాగానే చూస్తుంది అన్నాడు. ఆవిడకి పెద్దవాళ్ళు తెలుసు, మనకి ఎదిగిన ఆడపిల్ల ఉంది, కడుపు చించుకుంటే కాళ్ళమీదే పడుతుంది బావా అన్నాడు.

"కుట్టుపని ఇంట్లో మిషను చప్పుడు వినపడాలిగా" అన్నాడు తాళాలాయన, పెన్సిలు ఆపకుండా. "రెండుసార్లు వెళ్ళాను. సూది కూడా కనపడలేదు."

"నువ్వు తలుపులు చూడ్డానికి వెళ్ళావు. సూదులు చూడ్డానికి కాదు."

"అదీ నిజమే."

కూతురు గోడకి ఆనుకుని కూర్చుంది. బస్‌స్టాండులో తను చూసేది చెప్పింది. నలుగురు పిల్లలకి టికెట్లు ఒకడే తీసుకుంటాడు. వాళ్ళకి ఎండలో కూడా ఒంటినిండా ముసుగులు. ఏ ఊరమ్మా అని ఊరికే అడిగితే, వాళ్ళు వాడి మొహం చూస్తారు. ఏ ఊరు వెళ్తున్నారో వాళ్ళకే తెలీదు.

"నేనూ టికెట్లు చింపిచ్చి పంపేశాను మావయ్యా. ఒకసారి కాదు. నిన్నొక్కణ్ణే అనడం లేదు."

నిన్నొక్కణ్ణే అన్న మాట దగ్గర చిన్నోడు భుజాలు తడుముకున్నాడు. గుమ్మడికాయల సామెత ఊరికే పుట్టలేదు.

"నన్నెందుకంటారు మధ్యలో? నేను బండివాణ్ణి. ఎక్కినవాళ్ళని దింపుతాను. ఎక్కేవాళ్ళ జాతకాలు అడగను." లేచి రెండడుగులు వేశాడు. "ఆ కాగితం ఇటివ్వు బావా."

తాళాలాయన కాగితం మీద చెయ్యి పెట్టాడు.

"ఇవ్వను."

"ఇస్తే చించేస్తాను, అందరం సుఖంగా ఉంటాం."

"ఇంకోటి గీస్తాను. నా బుర్రలో ఉంది."

చిన్నోడు నవ్వాడు. ఆ నవ్వు బాగాలేదు. "పెద్ద ధర్మాత్ముడివయ్యావు. గడియలు పెట్టిందెవరు బావా? నేను బండి తోలాను. తలుపు మూసింది నువ్వు. రేపు పోలీసులు వస్తే, ఎంత బాగా బిగించాడు అని మెడలో దండ వేస్తారా?"

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

తాళాలాయనకి కోపం రాలేదు. మూడు రోజులుగా తనే తనని అనుకుంటున్న మాట ఇంకొకడి నోట వింటే ఒకలా తేలికగా ఉంది. స్క్రూల తలలు తడుముకున్న వేలివైపు చూసుకున్నాడు.

"మూసింది నేనే" అన్నాడు. "అందుకే ఏ తలుపు ఎలా తెరుచుకుంటుందో నాకు తెలుసు. ఇంకెవరు చెప్తారు చెప్పు?"

చిన్నోడు నిలబడ్డవాడు నిలబడ్డట్టే ఉన్నాడు.

అప్పుడు భార్య వచ్చింది. వచ్చి తమ్ముడికీ మొగుడికీ మధ్య నిలబడింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ నిలబడే చోటు అదే. ఎప్పుడూ వీపు తమ్ముడివైపు, మొహం మొగుడివైపు. ఈసారి అటు తిరిగి నిలబడింది. తాళాలాయనకి ఆవిడ జడ మాత్రమే కనపడింది.

"బండిలో ఏం తీసుకెళ్తావురా నువ్వు?"

"చెప్పాగా అక్కా. ఎవరెక్కితే వాళ్ళని. సామాను కూడా."

"ఎండాకాలంలో వచ్చావు. పిల్ల పాత చెప్పులు ఉంటే ఇవ్వమన్నావు. ఎందుకురా అంటే, ఉన్నాయా లేవా చెప్పు అన్నావు. అటక మీంచి తీసి, తెగిన పట్టీ నేనే కుట్టి ఇచ్చాను." ఆవిడ గొంతు పెరగలేదు. "ఆ చెప్పులు ఎవరికి?"

చిన్నోడు కిటికీలోంచి బయటికి చూశాడు. బయట ఎదురింటివాళ్ళ గోడ తప్ప ఏమీ లేదు. ఆ గోడనే చాలాసేపు చూశాడు.

"ఒక పిల్లకి కాళ్ళకేం లేవు" అన్నాడు చివరికి. "పెట్రోలు బంకు దగ్గర దింపితే కాళ్ళు కాలి, ఒకదాని మీద ఒకటి పెట్టుకుంటోంది."

"ఎన్నేళ్ళుంటాయి?"

"అడగలేదు."

"చెప్పుల కొలత తెలుసుగా నీకు. నా కూతురు ఎన్నో ఏట తొడుక్కుందో నేను చెప్పనా?"

చెప్పొద్దన్నట్టు చెయ్యెత్తాడు. ఆవిడ చెప్పలేదు. చెప్పకపోయినా నలుగురూ లెక్క వేసుకున్నారు.

పాపం తెలిసి చేసేవాడు నయం, వాడితో ఒక పేచీ పడొచ్చు. సగం తెలిసి, మిగతా సగం తెలుసుకోకుండా జాగ్రత్తపడుతూ, మధ్యలో ఒక జత చెప్పులు దానం చేసి నిద్రపోయేవాడితో ఏం చేయాలి? తాళాలాయన బావమరిదిని తిట్టలేకపోయాడు. తిట్టడానికి ఎక్కడ పట్టుకోబోయినా తన చొక్కాయే చేతికొస్తోంది.

"ఆవిడకి చెప్పావా?" కూతురు అడిగింది. "నువ్వు ఇక్కడికొచ్చే ముందు, ఆ పిన్నికి ఫోను చేశావా మావయ్యా?"

"లేదు."

"నా మీద ఒట్టు?"

"ఒట్లెందుకే. చేస్తే ఇక్కడెందుకు కూర్చుంటాను?"

పిల్ల నమ్మిందో లేదో తెలీదు. తల్లి నమ్మినట్టుంది. నమ్మడం ఆవిడకి అలవాటు.

టీ తీసేసి వేరేది పెడతానని ఆవిడ గ్లాసు అందుకుంది. అదే సమయంలో చిన్నోడి జేబులో ఫోను మోగింది.

తీసి చూసి, మొహం అలాగే ఉంచడానికి ప్రయత్నించాడు. అందరికీ తెలిసిపోయింది. రెండోసారి మోగింది. మూడోసారి. తాళాలాయన భార్య గ్లాసు పట్టుకుని కదలకుండా నిలబడింది. చిన్నోడు నొక్కి చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"ఆఁ మేడమ్... ఇక్కడే, దగ్గర్లోనే... ఇవాళా? రేపన్నారుగా... నాలుగింటికి. సరే... ఎంతమంది?... ఐదుగురా... ఎటువైపు?... దారిలో చెప్తారా. సరే. సరే మేడమ్."

పెట్టేశాడు. ఫోను వెలుగు ఆరిపోయేదాకా దాన్నే చూస్తూ ఉన్నాడు.

ఎవరూ అడగలేదు. అతనే చెప్పాడు. నెలా నెలన్నరకి ఒకసారి ఆ పిల్లల్ని చోటు మారుస్తారు. చోటు ఎప్పుడూ ముందు చెప్పరు, బండి ఊరు దాటాక ఫోనులో చెప్తారు. తను వెళ్ళకపోతే ఇంకో బండి దొరకడం అరగంట పని. అప్పుడు వాళ్ళు ఎక్కడికి వెళ్ళారో దేవుడికి కూడా తెలీదు.

నెలా నెలన్నరకి ఒకసారి అని ఎంత తేలిగ్గా అనేశాడో, అన్నాక అతనికే వినపడినట్టుంది. కూర్చున్నాడు. ఈసారి కుర్చీలో కాదు, నేల మీద.

తాళాలాయన తన బొమ్మవైపు చూసుకున్నాడు. సాయంత్రానికి ఆ గదులు ఖాళీ. అంత జాగ్రత్తగా గీసిన తలుపులు వట్టి గోడలకి తలుపులు. మూడో గది పిల్ల ఇంకో ఊళ్ళో, ఇంకో గదిలో, ఇంకొక తాళాలాయన పెట్టిన గడియ వెనక ఉంటుంది. వాడూ నెల తిరక్కుండా వచ్చి నూనె వేసి వెళ్తాడు.

"వెళ్ళొద్దు" అంది అక్క. "ఫోను కట్టేసి ఇక్కడే పడుకో. నీకేం వద్దు."

"వెళ్ళకపోతే ఇంకోడు వెళ్తాడని చెప్తున్నానుగా."

"వెళ్ళనీ. నువ్వు కాదుగా."

అనేసి, ఆవిడ కూతురివైపు చూసింది. కూతురు తల్లిని చూసిన చూపు తాళాలాయనకి చాలాకాలం గుర్తుంటుంది. అందులో కోపం లేదు. ఎదురుచూపు ఉంది, అంతే. ఆవిడ గ్లాసు కిటికీ గట్టు మీద పెట్టేసింది. తను అన్న మాట వెనక్కి తీసుకోలేదు, ఇంకోసారి అననూ లేదు.

చెప్పిన వేళ దాటకుండా పిల్ల ఫోను మోగింది. మూడు. పిల్ల ఫోను మధ్యలో బల్ల మీద పెట్టి, అందరికీ వినపడేలా చేసింది. అవతలావిడ గొంతు రోజూ వినే పక్కింటివాళ్ళ గొంతులా ఉంది. నాన్నగారు ఉన్నారా అంది. బొమ్మ గీశారా అంది.

తాళాలాయన గొంతు సవరించుకున్నాడు. "గీశానండీ. కానీ..."

కానీ తర్వాత మాట తనది కాదు. చిన్నోడివైపు చూశాడు. చూశాడే గాని బతిమాలలేదు. బతిమాలితే వచ్చే మాట గట్టిగా నిలబడదని ఆయన అనుభవం.

అవతలావిడ కూడా తొందరపెట్టలేదు. ఉన్నారా అని ఒక్కసారి అడిగి ఊరుకుంది.

చిన్నోడు మోకాళ్ళ మీద బల్లదాకా జరిగి, ఫోను దగ్గరగా వంగాడు.

"నాలుగింటికి వాళ్ళని మారుస్తున్నారు" అన్నాడు. "ఐదుగురు. తెల్ల వ్యాను, వెనక అద్దాలకి నల్ల కాగితం. నంబరు రాసుకోండి."

నంబరు చెప్పాడు. తన సొంత బండి నంబరు. మొదటిసారి సగంలో ఆగిపోయి, మళ్ళీ మొదటినుంచి చెప్పాడు. అవతలావిడ ఏ సందులోంచి బయటికొస్తుంది, ఏ రోడ్డెక్కుతుంది అని ఒక్కొక్కటే అడిగింది. అతను ఒక్కొక్కటే చెప్పాడు. ఆపడం మా పని, మీరెవరూ ఏమీ చేయకండి, ఎప్పట్లాగే ఉండమనండి ఆ డ్రైవర్ని అంది.

తర్వాత ఆవిడ అడిగింది. "ఇవన్నీ మీకెలా తెలుసు? మీరెవరండీ?"

చిన్నోడు తలెత్తలేదు.

"ఆ డ్రైవర్ని నేనే. ఇన్నాళ్ళూ వాళ్ళని తీసుకెళ్ళినవాణ్ణి."

అవతల కాగితం తిప్పిన చప్పుడు మాత్రం వచ్చింది. ఆవిడ గొంతు మారలేదు.

"ఇంతకుముందు దింపిన చోట్లు గుర్తున్నాయా?"

"ఉన్నాయి."

"ఎన్ని?"

అతను నోరు తెరిచాడు. తెరిచి, అక్కవైపు చూశాడు. నాలుగేళ్ళప్పుడు ఏదో పగలగొట్టి వచ్చి ఎలా చూసేవాడో అలాగే చూశాడు. ఆ చూపు పడగానే లోపలికి వెళ్ళిపోవడమో, మాట మార్చడమో, వాడి తరఫున తనే అబద్ధమాడటమో ఆవిడకి ముప్ఫై రెండేళ్ళుగా అలవాటు. తాళాలాయన ఆవిడ కాళ్ళవైపు చూశాడు, వంటింటివైపు తిరుగుతాయేమోనని.

ఆవిడ మొగుడి పక్కనున్న ఖాళీ పీట లాక్కుని, తమ్ముడికి ఎదురుగా వేసుకుని కూర్చుంది.

"అన్నీ చెప్పరా" అంది. "నేనూ వింటాను."